సాక్షి స్వాతంత్ర్యం – ఉపేక్షా దోషం: చిన్న పట్టణపు వినియోగదారుల వార్తా విలేకరి వృత్తిపై ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ ఆ రహదారికి దక్షిణంగా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, బియ్యపు మిల్లుల పట్టణంగా పేరుపొందింది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. పాలనాపరంగా విడిపోయినా ఈ మూడు పట్టణాల బజారు తీరు ఒక్కటే. విత్తనం, ఎరువు, పురుగుమందు, వైద్యం, చదువు, బంగారం, ఇంటి స్థలం – వీటి కోసం చుట్టుపక్కల పల్లెలు ఈ పట్టణాలకే వస్తాయి. ఈ బజారులో మోసం జరిగినప్పుడు దాన్ని దగ్గరగా చూడగలిగినవాడు, నలుగురికీ చూపగలిగినవాడు స్థానిక టీవీ విలేకరి.

కొన్నవాడి పక్షాన సాక్ష్యం చెప్పవలసిన ఆ విలేకరి, అమ్మినవాడిచ్చే ప్రకటన మీద ఆధారపడి బతుకుతున్నప్పుడు, అతని మౌనానికి బాధ్యులెవరు? ఇదీ ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. దీనికి లోకంలో రెండు సమాధానాలు వినిపిస్తాయి. విలేకరులు అమ్ముడుపోయారన్నది ఒకటి. వ్యవస్థే అలా ఉంది, ఎవరేం చేయగలరన్నది రెండవది. మొదటిది దోషమంతా ఒక్క మనిషి మీద మోపుతుంది. రెండవది దాన్ని ఎవరి మీదా మోపకుండా గాలికి వదిలేస్తుంది. ఉపేక్షా దోషం సామర్థ్యాన్ని అనుసరించి పంపకం కావాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఏ ఒక్క వ్యక్తినో సంస్థనో విచారించడం ఇక్కడి ఉద్దేశం కాదు. వృత్తి నిర్మాణమే పరిశీలనాంశం.

ప్రేక్షకుడు – సాక్షి

విలేకరిని సాక్షిగా భావించడం తెలుగు వచనానికి కొత్త కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలు 'సువర్ణలేఖ'లో మొదలై, తరువాత 1920లలో 'ఆంధ్రపత్రిక'లో కొనసాగాయి. వాటికి ప్రేరణ 1711లో అడిసన్, స్టీల్ లండన్‌లో నడిపిన 'స్పెక్టేటర్' పత్రిక అన్నది ప్రసిద్ధమే. ఆ పేరుకు సూటిగా సరిపడే తెలుగు మాట 'ప్రేక్షకుడు'. పానుగంటి వారు 'సాక్షి' అన్నారు. ఈ ఎంపికలో ఒక నైతిక నిర్ణయం ఉంది. ప్రేక్షకుడు చూసి ఊరుకోవచ్చు. సాక్షి చూసినదాన్ని అడిగినచోట చెప్పక తప్పదు. చెప్పకపోతే దోషి అవుతాడు. సాక్షి సంఘంలో జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసులతో పాటు బొఱ్ఱయ్యసెట్టి కూడా సభ్యుడు కావడం మరొక విశేషం. వర్తకుడు సాక్షుల సంఘం బయట నిలబడిన నిందితుడు కాడు, లోపల కూర్చున్నవాడు. హాస్యరచనగా చదివే ఈ కల్పనలో, తరువాతి కాలపు పత్రికా వ్యవస్థకు వర్తించే ప్రశ్న ఒకటి అప్పటికే పొంచి ఉంది: వర్తకుడు కూడా కూర్చున్న సంఘం వర్తకాన్ని గురించి ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదు?

అంతకు ముందే, 1874లో, కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని'ని స్థాపించి అధికారుల లంచగొండితనాన్ని బయటపెట్టారు. ఆయన ధైర్యాన్ని గురించి మనం తరచు చెప్పుకుంటాం. ఆ ధైర్యానికి ఆధారమైన జీవిక గురించి తక్కువగా చెప్పుకుంటాం. ఆయన ఉపాధ్యాయుడు, తరువాత సొంత ముద్రాలయం ఉన్నవాడు. ఎవరి మీద రాస్తున్నారో వారి దగ్గర ప్రకటన అడగవలసిన స్థితి ఆయనకు లేదు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నడిపిన 'నీలగిరి పత్రిక'ది కూడా ప్రజాసేవగా సాగిన ప్రయత్నమే. మన పత్రికా చరిత్రలో సాక్షులుగా నిలిచినవారి ధైర్యం నిజమైనదే. దాని వెనుక ఇంకొక చోట దొరికిన అన్నం ఉందన్నదీ అంతే నిజం.

వృత్తి నిర్మాణం

1989లో తెలుగు దినపత్రికల్లో జిల్లా అనుబంధాల పద్ధతి ప్రవేశించాక మండల స్థాయి దాకా విలేకరుల అవసరం పెరిగింది. 1995లో ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. 2000 తరువాతి దశాబ్దంలో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానెళ్లు వరుసగా వచ్చాయి. వీటికి సమాంతరంగా కేబుల్ ఆపరేటర్ల స్థానిక ఛానెళ్లు పట్టణాల్లో నెలకొన్నాయి. వార్త చిన్న పట్టణానికి చేరింది. వార్త తెచ్చేవాడికి జీతం మాత్రం అదే వేగంతో చేరలేదు.

'కంట్రిబ్యూటర్', 'స్ట్రింగర్' అనే పేర్లతో వ్యవహరించే ఈ విలేకరి వృత్తి జీవితం ఛానెల్ 'లోగో' చేతికి రావడంతో మొదలవుతుంది. అతనికి నెలజీతం ఉండవచ్చు, చాలాచోట్ల ఉండదు. ప్రసారమైన వార్తకు ఇంత అని, తెచ్చిన ప్రకటనకు ఇంత కమీషన్ అని లెక్క. ఉగాది, దసరా, దీపావళి, నాయకుల పుట్టినరోజులు – ఇవి ప్రకటనల 'టార్గెట్' రోజులు. బడులు తెరిచే జూన్ మాసంలో విద్యాసంస్థల ప్రకటనలు. అదే మాసంలో విత్తనాల అమ్మకం కూడా. అంటే వినియోగదారుడు ఎక్కువగా మోసపోయే కాలమూ, విలేకరి ఎక్కువగా ప్రకటనలు అడగవలసిన కాలమూ దాదాపు ఒక్కటే. ఉదయం మైకు పట్టుకొని వెళ్లిన దుకాణానికే సాయంత్రం రశీదు పుస్తకంతో వెళ్లవలసిన వృత్తి ఇది.

చట్టం ఈ మనిషిని చాలాకాలం గుర్తించలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వార్తాపత్రికా సంస్థలకు సంబంధించినది. టీవీ విలేకరి దాని పరిధికి బయట ఉండిపోయాడు. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి ఎలక్ట్రానిక్ మాధ్యమాలను కూడా నిర్వచనంలో చేర్చింది. అయితే రెండింటిలోనూ పత్రికా రచన 'ప్రధాన వృత్తి'గా ఉండాలన్న నియమం ఉంది. వార్త మీద బతకలేక ఇంకో పని మీద బతికే విలేకరికి, పత్రికా రచనే తన ప్రధాన వృత్తి అని నిరూపించుకోవడమే కష్టం. తక్కువ వేతనాలు, కాంట్రాక్టు పద్ధతి పాత్రికేయుల స్వతంత్రతను దెబ్బతీశాయని, చెల్లింపు వార్తలకు అదీ ఒక ముఖ్య కారణమని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తన నివేదికలో చెప్పింది. సమస్య తెలియక ఉండిపోయినది కాదు.

అధ్యధీనుడి సాక్ష్యం

సాక్షి యోగ్యతను గురించి మన ధర్మశాస్త్ర సంప్రదాయం విస్తారంగా చర్చించింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన 'మితాక్షర'ను పదమూడవ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించడంతో ఈ వ్యవహార చర్చ తెలుగులోకీ వచ్చింది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో సాక్ష్యానికి పనికిరానివారి పట్టికలో రెండు వర్గాలు మన చర్చకు ముఖ్యమైనవి. ఒకటి, వివాదంలో అర్థసంబంధం ఉన్నవాడు. రెండు, అధ్యధీనుడు, అంటే పూర్తిగా మరొకరి మీద ఆధారపడినవాడు. ప్రకటన కమీషన్ మీద బతికే విలేకరి ఈ రెండు వర్గాల్లోకీ వస్తాడు.

అయితే ఈ పట్టికను యథాతథంగా స్వీకరించడం కుదరదు. అదే పట్టిక కులాన్ని బట్టి, వృత్తిని బట్టి, లింగాన్ని బట్టి ఎందరినో సాక్ష్యానికి దూరం చేసింది. ఆధారపడినవాడి మాట చెల్లదంటే పేదవాడి మాట చెల్లదన్నట్టే. పాలేరు దొర మీద సాక్ష్యం చెప్పలేడన్నట్టే. వెట్టిని, దొరల పెత్తనాన్ని ఎదిరించిన నల్లగొండ ప్రాంత చరిత్ర ఈ న్యాయాన్ని ఒప్పుకోదు. కాబట్టి ఆ నియమంలోని గమనికను తీసుకొని, తీర్పును తిరగవేయాలి. ఆధీనత సాక్ష్యాన్ని చెడగొడుతుందన్న గమనిక సరైనదే. అందువల్ల ఆధీనుణ్ణి తొలగించాలన్న తీర్పు తప్పు, తొలగించవలసింది ఆధీనతను. జీతం లేని విలేకరి నోరు మూయించడం కాదు, అతన్ని అమ్మకందారు చేతి కింద నిలబెట్టిన ఏర్పాటును ప్రశ్నించడం మన పని.

ఉద్దెర

విలేకరి ఒక్కడే ఆధీనుడు కాడన్నది ఇక్కడ గుర్తించవలసిన మరొక విషయం. తెలంగాణ బజారులో కొనేవాణ్ణి 'గిరాకి' అంటారు. 'వినియోగదారుడు' చట్టం పుట్టించిన మాట. 'గిరాకి' సంబంధం పుట్టించిన మాట. ఆ సంబంధానికి ఆయువుపట్టు ఉద్దెర. రైతు విత్తనం, ఎరువు, మందు ఉద్దెరకు తెచ్చుకొని పంట వచ్చాక తీర్చడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. అప్పు పెట్టిన దుకాణదారుణ్ణి బిల్లు అడగడం అనుమానించడం కింద లెక్క. అడిగితే వచ్చే కారుకు ఉద్దెర పుట్టదు. కొన్న మరునాడే విత్తనం మట్టిలోకి పోతుంది. మొలకెత్తకపోతే చూపించడానికి సంచి మిగులుతుంది, బిల్లు ఉండదు.

చట్టం ఈ రైతును వదిలేయలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు చెల్లించినవాడే కాక, చెల్లిస్తానని మాట ఇచ్చినవాడు కూడా వినియోగదారుడే. ఉద్దెర గిరాకి ఆ నిర్వచనంలోకి వస్తాడు. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. విత్తనాల డీలరు నగదు అమ్మకానికైనా, అప్పు అమ్మకానికైనా రశీదు ఇచ్చి తీరాలని 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, కొన్న విత్తనమంతా నాటుకున్న రైతు పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకోవాలని ఆశించలేమని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు సంబంధించిన వివాదాల్లో 2012 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫిర్యాదుదారుడు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదుకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంది.

ఇన్ని హక్కులున్నా వాటిని వాడుకోలేకపోవడానికి కారణం అజ్ఞానమొక్కటే కాదు, ఉద్దెర కూడా. రైతు ఉద్దెరకు భయపడతాడు. విలేకరి ప్రకటనకు భయపడతాడు. ఇద్దరి భయమూ ఒకే గల్లాపెట్టె చుట్టూ తిరుగుతుంది. తనకోసం ఎవరైనా మాట్లాడాలని రైతు ఎవరి వైపు చూస్తున్నాడో ఆ మనిషి కూడా తనలాంటి గిరాకే. చిన్న పట్టణపు వినియోగదారుల వార్తను మహానగరపు వార్త నుంచి వేరు చేసేది ఇదే. మహానగర విలేకరికి అపరిచితుడైన వ్యాపారి ఇక్కడ ఇరుగుపొరుగు, బంధువు, అప్పు పెట్టేవాడు, ప్రకటనదారు.

'ఓ ప్రముఖ' – వార్తాభాషలో ఉపేక్ష

ఈ ఆధీనత వార్తాభాషలో జాడలు వదులుతుంది. నిందితుడు బండి మీద మిర్చీలు వేసేవాడో, ఇంటింటికీ పాలు పోసేవాడో అయితే అతని బండి, ముఖం, పేరు తెర మీద కనిపించే అవకాశం ఎక్కువ. నిందితుడు ప్రకటనదారు అయినప్పుడు 'ఓ ప్రముఖ ఆసుపత్రి', 'పట్టణంలోని ఓ ప్రముఖ విద్యాసంస్థ' అనే పదబంధం అందుబాటులోకి వస్తుంది. 'ప్రముఖ' అనే విశేషణానికి నిఘంటువులో పేరుపొందిన అని అర్థం. ఇక్కడ దాని పని పేరును దాచడం. అలాగే కర్తను తప్పించే వాక్యాలు: 'ఆరోపణలు వినిపిస్తున్నాయి', 'విమర్శలు వెల్లువెత్తుతున్నాయి', 'అధికారులు స్పందించాలని కోరుతున్నారు'. ఎవరు ఆరోపించారు, ఎవరి మీద, ఏ ఆధారంతో అన్నవి ఈ వాక్యాల్లో ఉండవు. చివరి వాక్యం బాధ్యతను అధికారికి అప్పగించి వార్తను ముగిస్తుంది. ఇది అబద్ధం చెప్పే భాష కాదు. చెప్పవలసిందాన్ని చెప్పకుండానే చెప్పినట్టు కనిపించే భాష.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ఆధారం లేకుండా పేరు చెబితే పరువునష్టం అవుతుంది. పేరు దాచడం వివేకమే కదా? నిజమే. పరువునష్టం భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. రుజువు కాని ఆరోపణతో ఒక ఆసుపత్రి పేరు చెడగొట్టడం అన్యాయమే. కాని వివేకానికి ఒక గుర్తు ఉంది: అది మనిషిని బట్టి మారదు. మిర్చి బండివాడికి కూడా పరువు ఉంది. వ్యాజ్యం వేసే స్తోమత మాత్రమే లేదు. పరీక్ష నివేదిక లేకుండా అతని నూనె కల్తీ అని చెప్పగలిగినవాడు, నివేదిక లేదన్న కారణంతో ఆసుపత్రి పేరు దాచితే అది వివేకం కాదు, భయం. భయపడటం పాపమని నేనడం లేదు. భయానికి వివేకమని పేరు పెట్టడం వల్ల వినేవాడు మోసపోతున్నాడని మాత్రమే అంటున్నాను. వినియోగదారుణ్ణి కాపాడుతానన్న వార్త ఆ మేరకు తానే ఒక కల్తీ సరుకవుతుంది.

సామర్థ్యం

సభకు వెళ్లకుండానైనా ఉండాలి, వెళ్లాక సత్యం చెప్పనైనా చెప్పాలి. మౌనం వహించినా వక్రంగా చెప్పినా దోషమేనని మనుస్మృతి అదే అధ్యాయంలో అంటుంది. ఈ ఆలోచనకు తెలుగులో అత్యంత ప్రభావశీలమైన రూపం తిక్కన ఉద్యోగపర్వంలో, శ్రీకృష్ణ రాయబార ఘట్టంలో కనిపిస్తుంది. ధర్మమూ సత్యమూ పాపం చేత, అసత్యం చేత చెడుతున్నప్పుడు ఆపగల సమర్థులు ఉపేక్షిస్తే ఆ కీడు వారికే చుట్టుకుంటుందన్నది అక్కడి భావం. ఈ భావంలో బరువంతా 'సమర్థులు' అన్నచోట ఉంది. ఆ మాటలు కౌరవ సభలో కొలువుతీరిన పెద్దలను ఉద్దేశించినవి. వాకిట నిలబడిన పరిచారకుణ్ణి ఉద్దేశించినవి కావు.

మన సందర్భంలో సమర్థులెవరు? దీన్ని తేల్చడానికి పరాయి దేశపు ఉదాహరణ ఒకటి ఉపయోగపడుతుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరపు కేటీఆర్‌కే టీవీలో మార్విన్ జిండ్లర్ 1973 నుంచి 2007లో మరణించేదాకా వినియోగదారుల వార్తలు చెప్పాడు. అంతకుముందు ఆయన షెరీఫ్ కార్యాలయంలో వినియోగదారుల మోసాల విభాగంలో పనిచేశాడు. నగర ఆరోగ్యశాఖ తనిఖీ నివేదికలను ఆధారం చేసుకొని హోటళ్ల పేర్లు తెర మీద చదివేవాడు. 1988లో ఆ కేంద్రం ఆయనతో జీవితకాల ఒప్పందం చేసుకుంది. ఆయన ప్రదర్శన ధోరణి అందరికీ నచ్చకపోవచ్చు. ఆ సంగతి వేరు. ఆయన నిర్భయత్వం వెనుక రెండు ఆధారాలు ఉన్నాయన్నది మనకు కావలసిన విషయం: ఒకటి బహిరంగ పత్రం, రెండవది జీతానికి హామీ. పేరు చెప్పే ధైర్యాన్ని ఆ కేంద్రం తన ఖర్చుతో నిలబెట్టింది. మిర్యాలగూడ విలేకరికి అదే ధైర్యం ఉండాలని కోరడం, ఆ రెండింటిలో ఏదీ ఇవ్వకుండా కోరడమే.

కాబట్టి ఉపేక్షా దోషంలో పెద్ద వాటా సమర్థురాలైన సంస్థది. వార్త తెచ్చే చేతికే రశీదు పుస్తకం ఇచ్చినది సంస్థ. జీతం ఇవ్వగలిగి ఇవ్వనిది సంస్థ. చట్టం కూడా దీన్ని కొంత చూసీచూడనట్టు వదిలింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 చట్టం పది లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెప్పినా, తన వ్యాపారంలో భాగంగా మామూలుగా ప్రసారం చేసినవారికి సాధారణంగా మినహాయింపు ఇచ్చింది. చట్టం మినహాయించినంత మాత్రాన నైతిక ప్రశ్న తీరిపోదు. ఒక ఆసుపత్రి ప్రకటన పొద్దున వేసి, దాని మీద వచ్చిన ఫిర్యాదును రాత్రి దాచిన ప్రసారసంస్థ కేవలం వాహకం అనిపించుకోలేదు.

మిగిలిన వాటా విలేకరిది. అతడు పూర్తిగా అసమర్థుడు కాడు. జీతం అతని చేతిలో లేదు, వాక్యం ఉంది. చెప్పలేని వార్తను చెప్పకుండా ఉండవచ్చు గాని, 'ఓ ప్రముఖ' అని చెప్పినట్టు నటించనక్కరలేదు. ప్రకటనదారు పేరు చెప్పడానికి ఎంత ఆధారం కావాలనుకుంటాడో మిర్చి బండివాడి పేరుకూ అంతే ఆధారం కోరవచ్చు. ఫిర్యాదు తెచ్చిన రైతుకు వార్త ఇవ్వలేకపోయినా జిల్లా కమిషన్ దారి, రశీదు హక్కు, రెండేళ్ల గడువు చెప్పవచ్చు. వీటిలో దేనికీ ప్రకటనదారు అనుమతి అక్కరలేదు. వార్త వేయకుండా ఉండటానికి డబ్బు పుచ్చుకోవడం మాత్రం ఈ లెక్కలోకి రాదు. అక్కడ మౌనం ఆధీనత వల్ల వచ్చినది కాదు, అమ్మకానికి పెట్టిన సరుకు. పేదరికం దాన్ని వివరిస్తుందేమో గాని సమర్థించదు.

ముగింపు

చిన్న పట్టణపు వినియోగదారుల వార్తను విలేకరి శీలపరీక్షగా మాత్రమే చూడటం వల్ల సమర్థుల ఉపేక్ష కనబడకుండా పోతోంది. ధర్మశాస్త్రం ఆధీనుణ్ణి సాక్ష్యం నుంచి తొలగించింది. నేటి వార్తా వ్యవస్థ అతన్ని ఆధీనుడిగానే ఉంచి సాక్షిగా నిలబెట్టింది. రెండూ న్యాయం కావు. జీతమూ ఆధారపత్రమూ ఇవ్వవలసినది సంస్థ. తనిఖీ నివేదికలను ప్రజల ముందు పెట్టవలసినది ప్రభుత్వ శాఖ. వాక్యాన్ని అందరికీ ఒకే తూకంతో తూచవలసినవాడు విలేకరి.

ఈ పంపకంలో తెలుగు శాఖలకూ ఒక వాటా ఉంది. తెలుగు చదివిన విద్యార్థుల్లో కొందరు లోగో పట్టుకొని ఈ పట్టణాల్లోనే విలేకరులవుతున్నారు. వారికి మనం శీర్షిక పెట్టడం, వార్త కుదించడం నేర్పుతున్నాం. 'ఓ ప్రముఖ' అన్న రెండు మాటలు ఎవరిని కాపాడుతున్నాయో, కర్తలేని వాక్యం ఎవరి పేరును మింగిందో విశ్లేషించడం నేర్పుతున్నామా అన్నది మన పాఠ్యప్రణాళికలు చూసుకొని చెప్పవలసిన సంగతి. మొలకెత్తని విత్తనపు సంచితో సూర్యాపేట బజారులో నిలబడిన రైతుకు ఆ పాఠంతో నేరుగా పని ఉంది.